పురుగు మీద పడే వెలుగు

వంగ ఆకును తిప్పి చూస్తే రెండు రకాల అక్షింతల పురుగులు దొరుకుతాయి. రెండూ గుండ్రంగా, ఉబ్బెత్తుగా, కందిగింజంత ఉంటాయి. రెండింటి వీపు మీదా నల్ల మచ్చలే. ఒకటి ఆకులోని పచ్చదనాన్ని గోకి తినేసి, ఈనెలను మాత్రం మిగులుస్తుంది. రెండోది ఆకు జోలికే పోదు. ఆకు రసం పీల్చే పేనుబంకను తిని బతుకుతుంది. రైతులు చాలామంది రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు. మందు కొట్టిన రోజు రెండూ పోతాయి.

వీటిని వేరు చేసే మంచి గుర్తు మచ్చల్లో కన్నా మెరుపులో ఉంది. ఆకు తినేదాని వీపంతా సన్నటి నూగు ఉంటుంది, అందుకే అది మసకగా కనిపిస్తుంది. పేనుబంకను తినేదాని వీపు నున్నగా మెరుస్తుంది. ఐదారు మిల్లీమీటర్ల పురుగు మీది నూగు మామూలు కంటికి ఆనదు. మాక్రో లెన్సు పెట్టి ఎదురుగా ఫ్లాష్ కొట్టినా సరిగా తెలియదు. ఎదురు వెలుగులో వెంట్రుకకు నీడ పడదు కదా! అదే వెలుగును పక్కకు జరిపి, కొంచెం వెనక నుంచి పడనిస్తే ఒక్కో వెంట్రుకా విడివిడిగా లేచి కనిపిస్తుంది. పురుగు మారలేదు, లెన్సు మారలేదు. వెలుగు వచ్చే దిక్కు మారింది, అంతే.

పురుగుల ఫొటోగ్రఫీ గురించి అడిగేవాళ్లు మొదట లెన్సు పేరు అడుగుతారు. వెలుగు సంగతి అడిగేవాళ్లు తక్కువ. నా మటుకు నాకు ఈ పనిలో ముప్పావు వంతు వెలుగే. అది ఎంత ఉంది, ఎటు నుంచి వస్తోంది, ఎంత వెడల్పుగా ఉంది, ఎంతసేపు ఉంటుంది అన్న నాలుగు సంగతులు తెలిస్తే మామూలు కెమెరాతో కూడా మంచి పటం వస్తుంది.

ఈ సంగతులు నేర్చుకోవడానికి మొయినాబాద్ మండలంలోని సురంగల్ లాంటి ఊరు చాలా అనువైన చోటు. హైదరాబాద్ నుంచి చేవెళ్ల రోడ్డు పట్టుకుంటే దూరం కూడా కాదు. ఈ ప్రాంతమంతా టమాటా, వంకాయ, ఆకుకూరలు, పూలతోటలు. గట్ల మీద గడ్డిచామంతి, జిల్లేడు, తంగేడు. నగరానికి ఇంత చేరువలో ఇన్ని చేలు మిగలడానికి కారణం నీళ్లు. 1908లో మూసీకి వచ్చిన వరద తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. వాటికి నీరు చేరే నేలను కాపాడటానికి 1996 మార్చిలో వచ్చిన 111 నంబరు జీవో, 84 గ్రామాల్లో పరిశ్రమలకూ పెద్ద కట్టడాలకూ అడ్డుకట్ట వేసింది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69 నంబరు జీవోతో ఆ ఆంక్షలను ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. అందుకే ఇక్కడి గట్ల మీద ఏ పురుగు, ఏ నెలలో, ఏ మొక్క మీద ఉందో ఇప్పుడే పటం తీసి పెట్టుకోవాలన్న తొందర నాకుంది.

వెలుగును బట్టి పురుగు రూపమే మారిపోతుందని ఏనాడో రాసిపెట్టినవాడు రాబర్ట్ హుక్. 1665లో లండన్‌లో వెలువడిన ‘మైక్రోగ్రాఫియా’ ముందుమాటలో ఆయన ఈగ కన్ను గురించి చెప్పాడు. ఒక వెలుగులో ఆ కన్ను బొక్కలు పొడిచిన జాలీగా కనిపించిందట. ఎండలో బంగారు మేకులు దిగ్గొట్టిన పలకగా, ఇంకోవైపు తిప్పితే పిరమిడ్లుగా, మరోవైపు తిప్పితే శంకువులుగా కనిపించింది. అందుకే ఒక్క చూపుతో బొమ్మ గీయకుండా, రకరకాల వెలుగుల్లో తిప్పి తిప్పి చూసి, అసలు ఆకారమేమిటో తేల్చుకున్నాకే గీశానని రాశాడు. అంతకన్నా నాకు ఇష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. ఎండ నేరుగా పడితే మెరుపులు ఇబ్బంది పెడుతున్నాయని ఆయన పురుగు పక్కన నూనె రాసిన కాగితం నిలబెట్టి, భూతద్దంతో ఎండను ఆ కాగితం మీదికి మళ్లించి, దాని గుండా వడపోసిన వెలుగులో చూశాడు. ఈరోజు మనం డిఫ్యూజర్ అంటున్నది ఇదే. కెమెరా పుట్టడానికి నూట యాభై ఏళ్ల ముందే మాక్రో వెలుగులోని కీలకం దొరికిపోయింది.

కన్ను మాట వచ్చింది కనుక గొల్లభామ గురించి ఒక మాట. దాని ఆకుపచ్చ కంట్లో ఒక నల్ల చుక్క ఉండి, మనం ఎటు జరిగితే అటు తిరిగి మననే చూస్తున్నట్టు ఉంటుంది. అది కంటిపాప కాదు. సంయుక్త నేత్రంలోని వేల గొట్టాల్లో మనవైపు సూటిగా తిరిగి ఉన్నవి లోపలికి పడ్డ వెలుగును మింగేస్తాయి, అక్కడ నల్లగా కనిపిస్తుంది. మిగతావి పక్కకు తిరిగి ఉండి వెలుగును వెనక్కి పంపుతాయి. ఎండలో తీసినా ఫ్లాష్‌తో తీసినా ఆ చుక్క లెన్సు వైపే ఉంటుంది.

ఇక లెక్కలు. పురుగు తన అసలు కొలతతోనే సెన్సర్ మీద పడితే దాన్ని 1:1 అంటారు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. 36 మిల్లీమీటర్ల మిడత 1:1లో ఫ్రేమునంతా నింపేస్తుంది. 5 మిల్లీమీటర్ల చీమ మాత్రం అందులో ఏడో వంతే. చీమ మొహం కావాలంటే 3:1 దాకానో 4:1 దాకానో పోవాల్సిందే.

దగ్గరికి పోయినకొద్దీ రెండు నష్టాలు కలిసి వస్తాయి. లెన్సు సెన్సర్‌కు దూరం జరుగుతుంది కనుక వచ్చిన వెలుగే ఎక్కువ మేర పరుచుకుని పలచబడుతుంది. 1:1 దగ్గర అపెర్చర్ ఎఫ్/11 పెట్టినా సెన్సర్‌కు అందేది ఎఫ్/22 వెలుగే, అంటే నాలుగో వంతు. రెండోది ఫోకస్ లోతు. 1:1లో ఎఫ్/11 దగ్గర స్పష్టంగా వచ్చే మందం దాదాపు 1.3 మిల్లీమీటర్లు. 2:1కు పోయి ఎఫ్/8 పెడితే అది 0.36 మిల్లీమీటర్లకు పడిపోతుంది. తూనీగ కన్ను స్పష్టంగా వస్తే రెక్క మొదలు మసకబారుతుంది. అపెర్చర్ ఇంకా మూసేద్దామా అంటే, చిన్న కంతలోంచి వచ్చిన వెలుగు విచ్చుకుపోతుంది. దీన్ని వివర్తనం అంటారు. 1:1లో ఎఫ్/11 దగ్గరే ప్రతి చుక్కా సెన్సర్ మీద సుమారు 0.03 మిల్లీమీటర్ల వెడల్పుకు పరుచుకుంటుంది. ఎఫ్/22కు మూస్తే అది రెట్టింపవుతుంది, పటమంతా మెత్తబడిపోతుంది. కాబట్టి అనుభవం ఉన్నవాళ్లు 1:1లో ఎఫ్/8, ఎఫ్/11 మధ్యే తిరుగుతారు.

ఈ కొలతలతో వెలుగు ఎంత కావాలో చూద్దాం. ఐఎస్ఓ 400, ఎఫ్/11, 1:1. నడినెత్తి ఎండలో షట్టర్ 1/250 సెకను దగ్గర సరిపోతుంది. తెల్లవారుజామున, సూర్యుడు ఇంకా గట్టెక్కని నీడలో అదే పటానికి పావు సెకను పడుతుంది. పావు సెకనులో గడ్డిపరక ఒక్క మిల్లీమీటరు ఊగినా పటం చెడిపోతుంది. సహజకాంతి ఫొటోగ్రఫీ అంతా ఈ చిక్కు చుట్టే తిరుగుతుంది. ఎండలో వెలుగు చాలినంత ఉంటుంది, కానీ అది గరుకు వెలుగు, పైగా పురుగు ఒక్కచోట నిలవదు. తెల్లవారుజామున వెలుగు మెత్తగా ఉంటుంది, పురుగు కదలదు, కానీ వెలుగే చాలదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చేవెళ్ల, మొయినాబాద్ పొలాల్లో పొద్దున చలి గట్టిగా ఉంటుంది. పురుగులకు మనలాగా ఒంట్లో నిలకడైన వేడి ఉండదు. తేనెటీగ ఎగరాలంటే దాని రొమ్ములోని కండరాలు దాదాపు 30 డిగ్రీలకు చేరాలి. అందాకా రెక్కలు కదపకుండానే కండరాలను వణికించి వేడి పుట్టించుకుంటుంది, లేదా ఎండ కోసం కాచుకుని ఉంటుంది. ఈ వ్యవధి ఫొటోగ్రాఫర్‌కు దొరికిన వరం.

గట్టు మీది ఎండుపుల్లలు వెతికితే నీలిపట్టీల తేనెటీగలు దొరుకుతాయి. శాస్త్రవేత్తలు వీటిని అమెజిల్లా అంటారు. వీటికి తేనెపట్టు ఉండదు. ఆడవి నేలలో బొరియ చేసుకుంటాయి. మగవాటికి ఇల్లే లేదు, సాయంత్రం కాగానే ఒక పుల్లను దవడలతో కరచి పట్టుకుని, కాళ్లు ముడుచుకుని, పుల్లకు అడ్డంగా వేలాడుతూ నిద్రపోతాయి. ఒకే పుల్ల మీద వరసగా నాలుగైదు ఉండటం మామూలే. పొద్దున పోయేసరికి వాటి మీద మంచు కట్టి ఉంటుంది. ఒంటి మీది ప్రతి వెంట్రుక కొసకూ ఒక నీటి బొట్టు. ఒక్కో బొట్టూ ఒక చిన్న లెన్సే కనుక వెనకున్న పచ్చిక దానిలో తలకిందులై కనిపిస్తుంది. పొట్ట మీది నీలి పట్టీలు ఈ మెత్తటి వెలుగులో నెమలి రంగుకు తిరుగుతాయి. అదే పట్టీల మీద వట్టి ఫ్లాష్ వేస్తే వెల్లబడిపోతాయి. ఇలాంటి వేళ ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, ఫోకస్‌ను వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ ఇరవై ముప్పై పటాలు తీసి, కంప్యూటర్‌లో వాటన్నిటి స్పష్టమైన భాగాలనూ ఒకే పటంగా కలపవచ్చు. ఫోకస్ స్టాకింగ్ అంటే ఇదే. చలికి కదలని పురుగు, గాలి లేని పొద్దు రెండూ ఉంటేనే సాధ్యం.

ఈ తేనెటీగకు టమాటాతో గట్టి సంబంధం ఉంది. టమాటా పూవులో పుప్పొడి కేసరపు గొట్టం లోపల దాగి ఉంటుంది, కొసన ఉన్న చిన్న కంతలోంచే రాలాలి. నీలిపట్టీల తేనెటీగ పూవును పట్టుకుని, రెక్కలు ఆడించకుండా రొమ్ము కండరాలను సెకనుకు వందల సార్లు కంపింపజేస్తుంది, పుప్పొడి జలజలా రాలుతుంది. మనం పెంచుకునే మామూలు తేనెటీగకు ఈ విద్య తెలియదు. తంగేడు పూవుకూ ఇదే పద్ధతి, అక్కడ నల్ల తుమ్మెదలు కూడా ఈ పని చేస్తాయి. పొద్దెక్కాక పూవు మీద జరిగే ఈ పనిని పట్టుకోవడానికి మాత్రం సహజకాంతి చాలదు.

పురుగును దగ్గరగా చూసేవాళ్లకు గాలి ఇబ్బంది ఈనాటిది కాదు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ దగ్గర బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తున్న రోజుల్లో ఉక్కపోత ప్రాణం తీస్తున్నా పంకా వేయించుకోలేకపోయాడు. వేస్తే దోమలు కొట్టుకుపోతాయి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి, కంటి అద్దం పగిలి ఉంది. ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ కడుపు గోడలో సుమారు 12 మైక్రాన్ల గుండ్రటి కణాలు, వాటిలో మలేరియా పరాన్నజీవి నల్ల రేణువులు కనిపించాయి. పురుగును దగ్గరగా చూడటంలో మన నేల మీద జరిగిన అన్నిటికన్నా పెద్ద ఘటన అదే. ఆ భవనం నేటికీ బేగంపేటలో ఉంది.

ఇప్పుడు ఫ్లాష్ సంగతి. ఫ్లాష్ అంటే కొందరికి గిట్టదు, సహజం కాదంటారు. నేను ఒప్పుకోను. ఫ్లాష్‌తో తీసిన పటాలు చెడేది ఎక్కువగా ఆ వెలుగు ఇరుకుగా ఉండటం వల్ల. పురుగు పెంకు నున్నగా, ఉబ్బుగా ఉంటుంది. ఉబ్బెత్తు అద్దం తన ముందున్నదాన్ని ఎలా చిన్నది చేసి చూపిస్తుందో పెంకు కూడా తన మీద పడిన దీపాన్ని అలాగే చూపిస్తుంది. పెంకు మీద కనిపించే తెల్ల చుక్క నిజానికి దీపపు ప్రతిబింబం. కాబట్టి పురుగు ఉన్న చోటు నుంచి చూస్తే దీపం ఎంత వెడల్పుగా ఉందన్నదే లెక్క. సూర్యుడు అర డిగ్రీ వెడల్పు మాత్రమే, అందుకే ఎండలో పెంకు మీద సూది మొనంత కాలిన చుక్క. ఏడు సెంటీమీటర్ల ఫ్లాష్ తల 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే సుమారు 10 డిగ్రీలు. అదే ఫ్లాష్ ముందు 20 సెంటీమీటర్ల ట్రేసింగ్ పేపర్ కట్టి పురుగుకు 10 సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే 90 డిగ్రీలు. తెల్ల చుక్క విశాలమైన మెత్తటి మెరుపుగా పరుచుకుంటుంది, దాని కింద పెంకు రంగు, గుంటలు, గీతలు బయటపడతాయి. మబ్బు పట్టిన ఆకాశం ఇంకా మేలు, నేల మీది పురుగుకు నలువైపులా అదే దీపం. జూన్ చివర, జూలై మొదట్లో ఈ ఊళ్లలో మధ్యాహ్నం పన్నెండింటికి కూడా ఫ్లాష్ లేకుండా బ్రహ్మాండమైన పటాలు వస్తాయి.

ఆ మబ్బు రోజుల్లోనే ఆరుద్ర పురుగులు వస్తాయి. ఎర్ర చెలకల్లో తొలకరి పడ్డ మర్నాడు పిల్లలు వాటిని అరచేతిలో పాకించుకుంటారు. అది కీటకం కాదు, పెద్దదానికి ఎనిమిది కాళ్లుంటాయి, సాలీళ్ల చుట్టం. దాని మఖమల్ ఎరుపు మీద ఎదురు ఫ్లాష్ వేస్తే ఎర్రటి ముద్ద తప్ప ఏమీ రాదు. మబ్బు వెలుగులో, నేలమట్టానికి కెమెరా దించి, పక్క నుంచి తీస్తే ఒంటి మీది ముడతలు, పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి. అదే రోజుల్లో తుమ్మచెట్ల మీద జీరంగులు దిగుతాయి. వాటి ఆకుపచ్చ మెరుపుకు కారణం రంగు పదార్థం కాదు. పెంకులో కాంతి తరంగం కన్నా పలచటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కో పొర నుంచి తిరిగొచ్చిన వెలుగు కలిసి ఆకుపచ్చను పెంచుతుంది, మిగతా రంగులను తగ్గిస్తుంది. చూసే కోణం మారితే రంగు నీలం వైపుకు జరుగుతుంది. పురుగు చచ్చినా ఈ రంగు వెలిసిపోదు. అందుకే పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు, హైదరాబాదు ప్రాంతాల పనివాళ్లు ఈ రెక్కల పెంకులను జరీతో కలిపి బట్టల మీద కుట్టేవారు. జీరంగికి ఒకవైపు నుంచి మాత్రమే ఫ్లాష్ పడితే సగం ఒళ్లు నల్లబడుతుంది. దాని చుట్టూ తెల్లటి గోడలా వెలుగు ఉండాలి, ఒక పక్క థర్మాకోల్ ముక్క పెట్టినా చాలు.

ఫ్లాష్ చేసే మేలు మాత్రం వేరే దేనికీ రాదు. అది కాలాన్ని ఆపుతుంది. తేనెటీగ సెకనుకు సుమారు 230 సార్లు రెక్కలాడిస్తుంది. రెక్క కొస సగటున సెకనుకు ఏడు మీటర్ల వేగంతో పోతుంది. 1/1000 సెకను షట్టర్‌లో కూడా అది ఏడు మిల్లీమీటర్లు కదులుతుంది, అంటే దాదాపు రెక్క పొడవంత. బ్యాటరీ ఫ్లాష్‌ను పూర్తి బలంతో కాలిస్తే వెలుగు 1/1000 సెకను దాకా సాగుతుంది. బలాన్ని తగ్గించినకొద్దీ వెలుగు మధ్యలోనే తెగిపోతుంది కనుక, కనిష్ఠ బలం దగ్గర 1/20,000 సెకనులో అయిపోతుంది. అప్పుడు రెక్క కొస కదిలేది 0.35 మిల్లీమీటర్లే. మాక్రోలో ఫ్లాష్ పురుగుకు జానెడు దూరంలోనే ఉంటుంది కాబట్టి ఆ కొద్ది బలమే చాలుతుంది. అందుకే ఫ్లాష్ వాడేటప్పుడు, చుట్టూ వెలుగు తక్కువగా ఉంటే షట్టర్ 1/200 అయినా పటం కదలదు, ఒక్క మెరుపే బొమ్మ గీస్తుంది.

ఈ విద్యకు వందేళ్ల పైబడిన చరిత్ర ఉంది. 1904లో పారిస్‌లోని మారే సంస్థలో లూసియన్ బుల్ విద్యుత్ నిప్పురవ్వల వెలుగులో ఎగిరే ఈగలను, తూనీగలను సెకనుకు వెయ్యికి పైగా పటాలుగా తీశాడు. 1930లలో అమెరికాలో ఎంఐటీ ఆచార్యుడు హరాల్డ్ ఎడ్జర్టన్ వాయువు నింపిన గొట్టంలో కెపాసిటర్‌ను ఒక్కసారిగా ఖాళీ చేసే ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను తీర్చిదిద్దాడు. ఇవాళ మన చేతిలో ఉన్న ఫ్లాష్ దాని వారసురాలే. 1970ల మొదట్లో ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ డాల్టన్ 1/25,000 సెకను ఫ్లాష్ కట్టించుకుని, పురుగు కాంతిరేఖను దాటగానే షట్టర్ తెరుచుకునే ఏర్పాటు చేసి, ఎగిరే పురుగులను తొలిసారి రంగుల్లో ఇంత స్పష్టంగా చూపించాడు. ఆయన తీసిన ఎగిరే పురుగు పటం 1977లో వాయేజర్ నౌకల బంగారు రికార్డులో మనుషుల ప్రపంచానికి ఆనవాలుగా అంతరిక్షంలోకి పోయింది.

ఫ్లాష్ పటాల్లో వెనక అంతా నల్లగా రావడం చాలామందికి తెలిసిన లోపం. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది. ఫ్లాష్ పురుగుకు 15 సెంటీమీటర్లలో ఉండి, వెనక పొద 150 సెంటీమీటర్లలో ఉంటే ఆ పొద మీద పడేది నూరో వంతు. పట్టపగలు తీసిన పటం అర్ధరాత్రి తీసినట్టు ఉంటుంది. ఐఎస్ఓను 800కు పెంచి, షట్టర్‌ను 1/100 దాకా తగ్గిస్తే పొద పచ్చదనం పగటి వెలుగు నుంచి వస్తుంది, పురుగు స్పష్టత ఫ్లాష్ నుంచి వస్తుంది. సురంగల్ టమాటా చేలల్లో నేను ఎక్కువగా వాడేది ఈ కలగలుపు పద్ధతే. దీనికి మించినది నాకు తెలియదు.

అయితే నల్ల నేపథ్యం కూడా ఒక్కోసారి విజ్ఞానం నేర్పుతుంది. చిన్న ఈగలు, పరాన్నజీవి కందిరీగల రెక్కలు రంగు లేని పారదర్శకపు పొరలని చాలాకాలం అనుకున్నారు. స్వీడన్‌లోని లండ్ విశ్వవిద్యాలయం నుంచి ఎకటెరీనా షెవ్ట్సోవా, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన పరిశోధన ఆ అభిప్రాయాన్ని మార్చింది. ఆ రెక్కల వెనక నల్లటి తలం పెట్టి చూస్తే ఇంద్రధనుస్సు రంగుల పటాలు కనిపిస్తాయి. రెక్క మందం ఒక్కో చోట ఒక్కో విధంగా ఉండటం వల్ల పుట్టే ఈ రంగులు జాతి జాతికీ వేరుగా ఉంటాయి, ఒకే జాతిలో నిలకడగా ఉంటాయి. తెల్ల కాగితం మీద పెట్టి చూసినన్నాళ్లూ వెనక నుంచి వచ్చే వెలుగు ఆ సన్నటి రంగులను ముంచేసింది. అంటే పురుగు వెనక ఏముందన్నది కూడా వెలుగులో భాగమే.

ఇలాంటి సన్న వివరాల వల్ల రైతుకు వచ్చే లాభం నేను స్వయంగా చూశాను. వంగతోటలో ఒక పెద్దావిడ ఆకు కింది నల్లటి పొడుగాటి పిల్లపురుగును చూపించి, “గీ ముండ్ల పురుగే ఆకంత తింటున్నది గద బిడ్డా” అంది.

“ఆకు తినేది ఇది కాదమ్మా. అది పసుప్పచ్చగ ఉంటది. ఇది పేన్లను తింటది, చూడు,” అని కెమెరా తెర చూపించాను. పక్క వెలుగులో తీసిన పటంలో దాని దవడల మధ్య పేనుబంక కాళ్లు కొట్టుకుంటోంది. ఆమె తెరను కళ్లకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. “అయితే దీన్ని ఉండనియ్యాలె,” అంది.

అక్షింతల పురుగు పిల్లను చూసి చీడ అనుకుని మందు కొట్టడం ఎక్కడైనా జరిగేదే. పిల్లకూ తల్లికీ పోలిక ఉండదు కదా! అల్లిక రెక్కల పురుగు గుడ్లకూ ఇదే గతి. ఆకు మీద వెంట్రుకంత సన్నటి కాడలు వరసగా నిలబడి, ఒక్కో కాడ కొసన తెల్లటి గుడ్డు ఉంటుంది. బూజనుకుని తుడిచేస్తారు. ఆ పిల్లలు బయటికొచ్చాక పేనుబంకను, తెల్లదోమ పిల్లలను తింటాయి. ఎదురు వెలుగులో ఆ కాడ అసలు కనిపించదు, గుడ్లు గాలిలో తేలుతున్నట్టు ఉంటాయి. పొద్దుటి ఎండ వెనక నుంచి పడేలా నిలబడితే ప్రతి కాడా వెలుగు గీతగా వస్తుంది.

పురుగుకు ఇబ్బంది కలగదా అని అడుగుతుంటారు. ఫ్లాష్ మెరుపు ఈగ తేరుకుని కదిలేలోపే ఆరిపోతుంది. పురుగును బెదరగొట్టేది ఎక్కువగా మన నీడ, మన ఊపిరి, మనం ఊపిన కొమ్మ. ఫ్లాష్‌ను ఆటోమేటిక్‌లో ఉంచితే అసలు మెరుపుకు ముందు కొలత కోసం ఒక చిన్న మెరుపు వస్తుంది, కొన్ని పురుగులు దానికే మీసాలు ముడుస్తాయి. బలాన్ని మన చేత్తోనే పెట్టుకుంటే ఆ బాధ లేదు. పురుగులను ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి, మొద్దుబారాక తెచ్చి ఆకు మీద కూర్చోబెట్టి తీసేవాళ్లున్నారు. చలికాలపు పొద్దు ఆ పనిని తనంతట తాను చేసి పెడుతున్నప్పుడు ఇది ఎందుకో నాకు అర్థం కాదు. అలా తీసిన పటంలో పురుగు కూర్చున్న తీరులోనే అబద్ధం తెలిసిపోతుంది. కాళ్లు ఆకును పట్టుకోవు.

ఖర్చు గురించి భయపడనక్కర్లేదు. 50 మిల్లీమీటర్ల పాత లెన్సును తిరగేసి తగిలించే రింగు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అదే లెన్సుకు 50 మిల్లీమీటర్ల ఎక్స్‌టెన్షన్ ట్యూబు తగిలించినా 1:1 వస్తుంది. రేనాక్స్ 250 లాంటి అద్దాన్ని 250 మిల్లీమీటర్ల జూమ్ ముందు బిగిస్తే 2:1 దాకా పోవచ్చు.

ఇక్కడ ఫ్లాష్ తప్ప దారి లేని పురుగు ఒకటుంది. హైదరాబాద్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పోయే రోడ్డుకు రెండు పక్కలా వందల మర్రిచెట్లున్నాయి. రోడ్డు విస్తరణకు వీటిని కొట్టేయకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోరాడినవాళ్లున్నారు. ఆ మర్రిపండులో పూలు లోపలి వైపుకు పూస్తాయి. వాటిని ఫలదీకరించగలిగింది యూప్రిస్టినా మసోని అనే చిట్టి కందిరీగ ఒక్కటే. గింజలు పట్టాలంటే అది ఉండాల్సిందే, అది సంతానం కనాలంటే మర్రిపండు ఉండాల్సిందే. ఆడది పచ్చి కాయ కొసనున్న సన్నటి దారిలోంచి దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే రెక్కలు తెగిపోతాయి. లోపల కొన్ని పూలలో గుడ్లు పెట్టి, వెంట తెచ్చిన పుప్పొడిని మిగతా పూలకు అంటించి అక్కడే చచ్చిపోతుంది. పిల్లల్లో మగవాటికి రెక్కలుండవు. అవి జత కట్టాక పండు గోడను కొరికి తొవ్వ చేస్తాయి, ఆడవి పుప్పొడి మోసుకుని ఆ తొవ్వలోంచి బయటికి ఎగిరిపోతాయి.

ఈ కందిరీగ పొడవు రెండు మిల్లీమీటర్లకు మించదు. 1:1లో ఫ్రేములో పద్దెనిమిదో వంతు. 5:1కు పోతే ఎఫ్/5.6 కాస్తా సుమారు ఎఫ్/34 అవుతుంది, ఫోకస్ మందం 0.08 మిల్లీమీటర్లు. మర్రి నీడలో అంత వెలుగు ఎక్కడిది? అందుకే చేతివేళ్లతో కొమ్మనూ కెమెరానూ కలిపి పట్టుకుని, డిఫ్యూజర్‌ను పండుకు తాకేంత దగ్గరగా తెచ్చి, ఆడ కందిరీగ బొక్కలోంచి తల బయట పెట్టిన క్షణాన ఫ్లాష్ కొట్టాలి. నల్లటి పురుగు ఒళ్లు నున్నగా ఉంటుంది కనుక డిఫ్యూజర్ చిన్నదైతే తెల్ల మరకలు తప్పవు.

తీసిన పటాలను ఐనాచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెడితే నిపుణులు పేరు చెబుతారు. అక్కడ వాళ్లకు కావాల్సింది అందమైన పటం ఒక్కటే కాదు. తూనీగకు మగదాని తోక కొసనున్న కొక్కేలు స్పష్టంగా ఉండాలి, రెక్కల ఈనెలు లెక్కపెట్టగలిగేలా ఉండాలి. చీమకైతే పక్కనుంచి నడుము కణుపు, ఎదురుగా మొహం. తేనెటీగకు రెక్క ఈనెలు, వెనక కాలు. మంచు బొట్లతో తీసిన పటంలో ఈ భాగాలు చాలాసార్లు నీటి కింద దాగిపోతాయి. కాబట్టి సహజకాంతిలో ఇష్టమైనట్టు తీసుకున్నాక, పక్కనుంచి, పైనుంచి ఫ్లాష్‌తో ఒకటి రెండు సాదా పటాలు తీసి పెట్టుకోవాలి. తేదీ, వేళ, ఊరు పేరు, పురుగు కూర్చున్న మొక్క పేరు దాంతో పాటే రాసుకోవాలి. పేరు తేలేది చాలాసార్లు ఆ సాదా పటం నుంచే.